టోపీ మీద తెలుగు అక్షరం

(హోసూరులో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘రాజ్యాంగంలో భాషా అల్పసంఖ్యాకుల హక్కులు’. ఈ అంశం మీద నేను ఇదివరకు చాలాచోట్ల మాట్లాడాను. మీలో కొందరు రెండు మూడుసార్లు విని కూడా ఉంటారు. ఈరోజు వారి అనుమతితో, ముందు వరుసలో బుద్ధిగా కూర్చున్న ఆ పిల్లల తలల మీదున్న నీలిరంగు టోపీల కథ చెబుతాను. కథ ముగిసేసరికి వారిచ్చిన అంశం దగ్గరికే వస్తాననే నా నమ్మకం.

న్యాయవాది టోపీల గురించి మాట్లాడతానంటే మీకు నవ్వు రావడం సహజమే. మన భాషలో టోపీ పెట్టడమంటే మోసగించడమని అర్థం. నేను చెప్పబోయే వ్యవహారంలో కూడా ఒక టోపీ పడింది. అయితే పెట్టినవాడెవరో, పెట్టించుకున్నవాడెవరో మీరే తేల్చండి.

మన ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లలు అరవైమంది. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతినాడు, వారందరినీ ఊళ్ళో ఊరేగింపుగా నడిపించాలని గత సంవత్సరం అనుకున్నాము. ఎండకు అడ్డంగా ఉంటుందని, గుంపులో పిల్లలు తప్పిపోకుండా ఉంటారని, తరువాత కూడా వాడుకుంటారని టోపీలు చేయిద్దామన్నారు తల్లులు. టోపీ మీద ఏం రాయించాలన్న చర్చ మాత్రం రెండు ఆదివారాలు సాగింది. పెద్దలు పెద్ద పెద్ద నినాదాలు సూచించారు. చివరకు పిల్లలే తేల్చారు, ‘తెలుగు పిల్లలం’ అని. రెండే మాటలు. అందులో ఆవేశమూ లేదు, ఎవరిమీదా ఫిర్యాదూ లేదు. అందరికీ నచ్చింది.

అచ్చు వేయిస్తే పది ఉతుకులకు పగిలిపోతుందని, దారంతో కుట్టిస్తే టోపీ ఉన్నన్నాళ్ళూ ఉంటుందని అన్నారు. బెంగళూరు చిక్కపేటలో టోకున ఉత్త టోపీలు కొని, మన ఊళ్ళోనే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే ఒక అంగడికి తీసుకువెళ్ళాము. ఊరి పని ఊరి అంగడికే ఇవ్వాలన్నది మా ఉద్దేశం. అంగడి యజమాని తమిళుడు, మర్యాదస్తుడు. మిషను నడిపే యువకుడు మాతో చక్కటి మన సరిహద్దు తెలుగులో మాట్లాడాడు. “ఏమి రాయాల సార్?” అని అతను అడగగానే మా ప్రాణం లేచివచ్చింది. ఇక పని సగం అయినట్టేనని అనుకున్నాము.

మొదటి చిక్కు కంప్యూటరు దగ్గరే వచ్చింది. వారి ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేరులో ‘పిల్లలం’ అని టైపు చేస్తే లకారం కింద ఒత్తు రాలేదు. మొదటి లకారానికి పొల్లు పెట్టి, దాని పక్కన ఇంకొక లకారం నిలబెట్టింది. కారణం తరువాత తెలుసుకున్నాను. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో చోటు 1991 నుంచే ఉంది. కాని సంకేతాలుండటం వేరు, వాటిని జతచేసి గుణింతంగా, ఒత్తుగా మలిచే ఏర్పాటు వేరు. ఆ ఏర్పాటు ప్రతి సాఫ్ట్‌వేరులోనూ ఉండాలి. కుట్టుపని కోసం ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకొని చేసిన పాత సాఫ్ట్‌వేరులలో అది ఉండదు. తమిళ లిపిలో మన మాదిరి కింద ఒత్తులు పేర్చే పద్ధతి దాదాపు లేదు. కాబట్టి వారికి ఈ బాధ తక్కువ.

అప్పుడా యువకుడు ఒక ఉపాయం చెప్పాడు. “సార్, కన్నడ అక్షరాలు మా దగ్గర కుట్టుకు తయారుగా ఉన్నాయి. మీ అక్షరాలూ అవీ ఒకే మాదిరి ఉంటాయి గదా, అవే వేసేద్దామా?” అన్నాడు. అతని మాటలో వెటకారం లేదు, సాయం చేయాలనే తపనే ఉంది. తెలుగు కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలేనని మనందరికీ తెలుసు. కాని మన తలకట్టు తీరు వేరు, వారిది వేరు. వారి ఒత్తుల రూపాలు కొన్ని వేరు. ఎవరి లిపి వారికి గౌరవం. కన్నడ అక్షరం వారి అంగడిలో ఎందుకు తయారుగా ఉందని అడిగాను. ఏటా నవంబరు 1న రాజ్యోత్సవానికి సరిహద్దు అవతలినుంచి టోపీలు, కండువాలు కుట్టించుకోవడానికి వస్తారని యజమాని చెప్పాడు. తెలుగు ఎందుకు లేదని అడిగాను. ఆయన చెప్పిన జవాబు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. “ఇంతవరకూ ఎవరూ అడగలేదు సార్” అన్నాడు.

మిత్రులారా, ఆ ఊరిలో మన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మన పెళ్ళిళ్ళకు సంచులు కుట్టించాము, మన దుకాణాల పనివాళ్ళకు చొక్కాలు కుట్టించాము, మన పిల్లల ఆటల జట్లకు టోపీలు కుట్టించాము. అన్నింటి మీదా ఇంగ్లీషో, మరొకటో రాయించుకున్నాము. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అంగడివాడెందుకు పెడతాడు?

సరే, ఒత్తు చిక్కును ఒక అచ్చుపని మిత్రుడు విడదీశాడు. మామూలు కంప్యూటరులో తెలుగు సరిగ్గా టైపు చేసి, ఆ అక్షరాలను గీతలుగా, అంటే బొమ్మగా మార్చి ఇచ్చాడు. అలా మారిస్తే అవతలి కంప్యూటరులో మన ఫాంటు ఉన్నా లేకపోయినా అక్షరం చెదరదు. ఆ బొమ్మ మీద మిషనుకు దారి గీయాలి. సూది ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వైపు నుంచి ఏ వైపుకు దారం వేయాలి, ఎక్కడ తెంపాలి అన్నదంతా ముందే లెక్కగట్టి ఒక ఫైలు తయారుచేస్తారు. దానిని డిజిటైజింగ్ అంటారు. ఎక్కువ మిషన్లు చదివేది డీఎస్‌టీ అనే రకం ఫైలు. అది ఒకసారి చేస్తే ఎన్ని టోపీలకైనా పనికివస్తుంది. డబ్బు కూడా అలాగే. ఫైలుకు ఒక్కసారి రుసుము, ఆ తరువాత వేయి కుట్లకు ఇంతని లెక్క.

ఆ యువకుడు ఫైలు చేసి, ఒక ముక్క మీద కుట్టి, దాని ఫొటో నా ఫోనుకు పంపాడు. నేను ఆ సమయంలో న్యాయస్థానం వరండాలో ఉన్నాను. చూశాను. పసుపు దారం, నీలి గుడ్డ, ‘తెలుగు పిల్లలం’. బాగుందని బదులిచ్చాను. మూడో రోజుకు అరవై టోపీలు పెట్టెలో పెట్టి ఇచ్చారు. తల్లులు చూశారు, మురిశారు. తరగతి నడిపే మాస్టారు చూశారు, మెచ్చుకున్నారు. నేను మళ్ళీ చూశాను. మేమందరం తెలుగు చదవనూ రాయనూ వచ్చినవాళ్ళమే.

ఆ ఆదివారం టోపీలు పంచుతుంటే మూడో తరగతి చదివే ఒక పాప తన టోపీని ఒళ్ళో పెట్టుకొని అక్షరం మీద అక్షరం వేలుపెట్టి చదివింది. “తె... లు... గు... వి... ల్ల... లం. మామా, విల్లలం అంటే ఏమి?” అని నన్ను అడిగింది.

సభలో నిశ్శబ్దం అంటారే, అది ఆరోజు చూశాను. టోపీ తీసుకొని చూస్తే పాప చదివిందే నిజం. పకారానికి పైన నోరు తెరుచుకొని ఉండాలి, వకారానికి మూసుకొని ఉండాలి. గుడి పెట్టినా ఆ తేడా పోదు. మన లిపిలో ప, వ అనే రెండు అక్షరాల మధ్య ఉన్నది వెంట్రుకవాసి సందు. ఆ సందులో దారం కమ్ముకుంది. అరవై టోపీల మీద అరవై ‘విల్లలం’.

పెద్దవాళ్ళం మేమెందుకు చూడలేకపోయాము? మాకు మాట ముందే తెలుసు. తెలిసిన మాటను కంటితో చదవము, మనసుతో చదివేస్తాము. ఆ పాప అక్షరాలు నేర్చి ఆరు నెలలు కాలేదు. అక్కడ ఏముందో అదే చదివింది.

నేను కోపంగానే అంగడికి బయలుదేరాను. దారి పొడవునా నాకు తెలిసిన చట్టమంతా నెమరువేసుకున్నాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 17వ సెక్షను నమూనా చూపించి చేసే విక్రయాల గురించి చెబుతుంది. ఇచ్చిన సరుకు ముందు చూపించిన నమూనాకు సరిపోవాలి. ఆ సూత్రమే ఈ పనికీ వర్తింపజేసి, యజమాని చేత కొత్త టోపీలకు డబ్బు కట్టించాలనుకున్నాను. అంగడి మెట్లెక్కుతూ ఫోను తెరిచి నాకు పంపిన నమూనా ఫొటో పెద్దది చేసి చూశాను. అందులోనూ ‘విల్లలం’ అనే ఉంది. సరుకు నమూనాకు అక్షరాలా సరిపోయింది. దాని కింద బాగుందని రాసినవాడిని నేను. ఇరవై ఏళ్ళుగా కక్షిదారులకు చదవకుండా సంతకం చేయవద్దని చెబుతున్నవాడిని నేను. తెలుగు కోసం వేదికలెక్కేవాడిని నేను. కంచే చేను మేసిందంటే ఇదే. అందుకే మొదటే అన్నాను, టోపీ ఎవరు ఎవరికి పెట్టారో మీరే తేల్చండని.

యజమాని మా తప్పును ఎత్తిచూపలేదు. కుట్టు విప్పవచ్చా అని అడిగితే టోపీ లోపల పట్టి చూపించాడు. ముందు భాగం నిలబడటానికి బక్రం గుడ్డ వేసి ఉంటుంది. దగ్గర దగ్గరగా కుట్టిన దారాన్ని విప్పితే సూది పడిన రంధ్రాలన్నీ జల్లెడలా కనిపిస్తాయి. విప్పడం కుదరదు.

అక్షరం ఎందుకు మూసుకుపోయిందో ఆ యువకుడు మిషను దగ్గర నిలబెట్టి వివరించాడు. ఇది మీరందరూ తెలుసుకోదగిన విషయం, రేపు మీ ఊళ్ళోనూ ఇదే జరుగుతుంది కనుక. అక్షరపు గీతను ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం వేస్తూ నింపుతారు. దారం బిగువుకు గుడ్డ లోపలికి లాగుకొని గీత సన్నబడుతుంది. దానికి విరుగుడుగా గీతను ఫైలులోనే కొంచెం లావు చేస్తారు. గీత లావైతే పక్కనున్న సందు ఇరుకవుతుంది. పైగా మాది ఆరు పలకల టోపీ. నుదుటి మీద నడిమధ్యన అతుకు ఉంటుంది. కుట్టడానికి వీలైన చోటు ఎత్తు సుమారు ఐదున్నర సెంటీమీటర్లే. అందులో రెండు వరుసలు, పైన గుడి, కింద ఒత్తు పట్టించాలని అతను అక్షరాన్ని 9 మిల్లీమీటర్లకు తగ్గించాడు. ఇంగ్లీషు అక్షరానికి అది చాలినంత ఎత్తు. మన అక్షరానికి చాలదు. మన అక్షరం ఒకే అంతస్తు ఇల్లు కాదు గదా. పైన గుణింతం, నడుమ అక్షరం, కింద ఒత్తు, మూడింటికీ గాలి ఆడాలి. 9 మిల్లీమీటర్ల పకారంలో నోటి సందు ఒక మిల్లీమీటరు కూడా లేదు. దారం లావు, గుడ్డ లాగుడు కలిసి దానిని మింగేశాయి.

ఇంత బాగా చెప్పినవాడిని ఒక మాట అడగకుండా ఉండలేకపోయాను. “ఇంత తెలిసినవాడివి, నీకే కనబడలేదా నాయనా, అది పి కాదు వి అయిందని?” అన్నాను.

అతను తల వంచుకున్నాడు. “నాకు తెలుగు చదవడం రాదు సార్. ఇంట్లో మాట్లాడతాం, అంతే. నాకు అది బొమ్మే” అన్నాడు.

అరవై టోపీల మీద తన మాతృభాషను ఒక్కొక్క దారంగా వేసినవాడు అతను. నిమిషానికి 600 కుట్ల చొప్పున, టోపీకి ఇంచుమించు 4,000 కుట్లు. ఒక్కొక్క టోపీకి ఏడు నిమిషాలు. అరవై టోపీలకు ఏడు గంటలు ఆ అక్షరాలనే చూస్తూ కూర్చున్నాడు. చదవలేకపోయాడు. ఏ సంవత్సరం బడిలో చేరావని అడిగాను. 2006లో ఒకటో తరగతిలో చేరానన్నాడు.

ఇక్కడున్న పెద్దలకు ఆ సంవత్సరం గుర్తుండే ఉంటుంది. తమిళ అభ్యసన చట్టం వచ్చింది 2006లోనే. ఆ విద్యాసంవత్సరం ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్క తరగతి పెంచుకుంటూ 2015-16కు పదో తరగతి వరకు తమిళాన్ని తప్పనిసరి చేశారు. ఈ యువకుడు ఆ మొట్టమొదటి జట్టు పిల్లవాడు. నేను ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆ చట్టం తెలుగును నిషేధించలేదు. మాతృభాషను అదనపు పాఠ్యాంశంగా చదువుకోవచ్చని చెప్పింది. తమిళం నేర్వడం మనకు నష్టమని నేనెన్నడూ అనలేదు. ఈ నేల మీద బతికేవారికి ఈ నేల భాష రావాలి. కాని అదనమన్నది అడిగి సాధించుకుంటేనే అందుతుంది. చెప్పే ఉపాధ్యాయుడుండాలి, పుస్తకం ఉండాలి, తల్లిదండ్రులు పట్టుబట్టాలి. అతని బడిలో తెలుగు చెప్పేవారు లేరు. అతని తల్లిదండ్రులు అడగలేదు. వారి తరఫున మనమూ వెళ్ళి అడగలేదు. నిరుడు వరకు ఆ అంగడిలో తెలుగు అక్షరం ఎందుకు లేదో, ఆ పిల్లవాడి చదువులో తెలుగు అక్షరం ఎందుకు లేదో, రెండింటికీ ఒకటే జవాబు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నిర్వాహకులిచ్చిన అంశానికి వస్తున్నాను. మన రాజ్యాంగం 29వ అధికరణం మొదటి ఖండంలో మూడు మాటలున్నాయి: భాష, లిపి, సంస్కృతి. ఇవి తమవైనవి గల ఏ పౌర వర్గానికైనా వాటిని కాపాడుకొనే హక్కు ఉంది. ఎన్నో సభలలో నేను ఈ అధికరణాన్ని అప్పజెప్పాను. భాష అన్న మాట దగ్గర ఆగేవాడిని, సంస్కృతి దగ్గర ఆగేవాడిని. మధ్యనున్న లిపి అన్న మాటను ఏనాడూ పట్టించుకోలేదు. భాష ఉంటే లిపి ఉన్నట్టే కదా అనుకున్నాను. కాదని ఆ యువకుడు చూపించాడు. భాష అతని నోటిలో నిండుగా ఉంది. లిపి అతని ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. మాట ఒక తరం నుంచి ఇంకొక తరానికి అమ్మ ఒడిలో అందుతుంది. అక్షరాన్ని ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. రాజ్యాంగం రాసినవారు రెండు మాటలూ విడివిడిగా వేశారు. 1956లో ఏడో సవరణతో చేర్చిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలంటుంది. ఆ ప్రయత్నం జరగాలంటే మన వైపు నుంచి అర్జీ వెళ్ళాలి. అర్జీ పెట్టడానికి మన పిల్లల పేర్లతో జాబితా ఉండాలి. ఈ సభలో ఎంతమంది అలాంటి జాబితా తయారుచేసి బడికి ఇచ్చారో ఎవరికి వారు లెక్క వేసుకోండి.

టోపీల సంగతి ఏమైందని పిల్లలు చూస్తున్నారు. చెబుతాను. ఉపాయం యజమానే చెప్పాడు. విడిగా గట్టి గుడ్డ మీద సరైన అక్షరాలు కుట్టి, అంచు కట్టి, బిళ్ళలుగా చేసి, పాత కుట్టు మీద కప్పి కుడదామన్నాడు. బిళ్ళ చదునుగా ఉంటుంది కనుక టోపీ వంపు బాధ లేదు, నడిమి అతుకు బాధ లేదు. బిళ్ళ నుదుటి భాగమంతా కప్పుతుంది కనుక అక్షరాన్ని 14 మిల్లీమీటర్లకు పెంచవచ్చు. పకారపు నోరు ఇంకొంచెం తెరిపించాము. ఫైలు రుసుము మళ్ళీ తీసుకోనన్నాడు. బిళ్ళల ఖర్చు నేను భరించాను, తప్పు నాది గనుక.

ఈసారి నమూనా చూడటానికి ఆ పాపను వెంటబెట్టుకొని వెళ్ళాను. మిషను ఆగగానే పాప వేలుపెట్టి చదివింది. “పి... ల్ల... లం. ఇప్పుడు సరిగ్గా ఉందన్నా” అంది. అతను అట్టముక్క ఒకటి తెచ్చి, “రెండూ రాసి చూపించు పాపా” అన్నాడు. పాప ప రాసింది, పక్కన వ రాసింది. నోరు తెరిచింది ప, నోరు మూసింది వ అని చెప్పింది. అతను ఆ అట్టను మిషను పైన గోడకు తగిలించాడు. అరవై బిళ్ళలూ ఆ అట్టతో పోల్చి చూసుకొని ఇచ్చాడు. ఒక్కటి కూడా తప్పు రాలేదు. బిళ్ళలను టోపీల మీద చేతితో కుట్టినవారు తల్లులు, రెండు రాత్రులు. ఆగస్టు 29న పిల్లలు ఆ టోపీలతోనే నడిచారు.

ఆ యువకుడు ఇప్పుడు మన తరగతికి వస్తున్నాడని చెప్పి మీచేత చప్పట్లు కొట్టించాలని నాకూ ఉంది. కాని ఆదివారమే వారి అంగడికి పని ఎక్కువ. రావడం లేదు. నేను అటు వెళ్ళినప్పుడల్లా రెండు మూడు అక్షరాలు అడుగుతాడు. గోడమీది అట్టలో ఇప్పుడు పదకొండు అక్షరాలున్నాయి. యాభైఆరు కావాలంటే ఎన్నాళ్ళు పడుతుందో మీరే చెప్పండి. అందుకే ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఆదివారం తరగతి పిల్లలకు ఉండనివ్వండి. పని చేసుకొనే పెద్దలకు, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవలేనివారికి, అంగళ్ళు మూసిన తరువాత రాత్రి ఎనిమిదిన్నరకు వారానికి రెండు రోజులు అక్షరాల తరగతి మొదలుపెడదాము. మొదటి నెల నేను చెబుతాను.

ఇక మీ ఊళ్ళలో ఇలాంటి పని చేయించుకొనేవారికి నా అనుభవం నుంచి కొన్ని సూచనలు. ఇవి చేదు తిన్నవాడి మాటలు.

ఒకటి, అంగడిలో టైపు చేయించవద్దు. అక్షరాలను గీతలుగా మార్చిన బొమ్మను మీరే తీసుకువెళ్ళండి. అందులో సున్న, గుడి, ఒత్తు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో కాగితం మీద అచ్చు తీసి చూసుకోండి.

రెండు, మాటలు తగ్గించండి, అక్షరం పెంచండి. టోపీ మీద ఒక వరుసకు మించకపోతే మంచిది. రెండు వరుసలు తప్పకపోతే బిళ్ళ చేయించండి. నుదుటి మీద అతుకు లేని ఐదు పలకల టోపీలు దొరుకుతాయి, అక్షరాలకు అవి మేలు.

మూడు, ప వలు, ష ఘలు, ద ధ థలు, డ ఢలు ఉన్న మాటలలో ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. సందు మూసుకున్నా, చుక్కో చిన్న గీతో రాలిపోయినా మాట మారిపోతుంది.

నాలుగు, రంగు దారాలలో పాలియెస్టరు దారం అడగండి. ఎండకూ ఉతుకుకూ రేయాను కంటే బాగా తట్టుకుంటుంది.

ఐదు, నమూనాను ఉత్త గుడ్డ ముక్క మీద కాక టోపీ మీదే కుట్టించి, చేతిలోకి తీసుకొని చూడండి. ఫోనులో చూసి సరేననవద్దు. కొత్తగా అక్షరాలు నేర్చిన పిల్లచేత చదివించండి. ఆ తరువాతే ఒక కాగితం మీద ఎన్ని టోపీలో, ఏ రంగో, ఏ తేదీకో రాసి, నమూనాను దానికి జతచేసి ఇరువైపులా సంతకాలు పెట్టుకోండి. తగవు వస్తే మీకూ అంగడికీ అదే రక్షణ.

ఆరు, ఫైలు కాపీ ఒకటి అడిగి తీసుకోండి. డబ్బు ఇచ్చేముందే ఆ మాట అనుకోండి. మా ఫైలు నా దగ్గరుంది. బళ్ళారివారు అడిగినా, షోలాపూరువారు అడిగినా ఇస్తాను. షోలాపూరులో తరతరాలుగా నేతపని చేస్తున్న మన పద్మశాలీలకు దారం గురించి నేను చెప్పడం హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయడమే. వారే ఇంకా మంచి అక్షరాలు కుట్టి మనకు పంపగలరు. యానాంలో చేసిన ఫైలు పర్లాకిమిడిలో పనికివస్తుంది. ఊరికొక ఫైలు చేరితే, ఏడాది తిరిగేసరికి సరిహద్దు ఊళ్ళలో ఏ అంగడివాడూ తెలుగు లేదనలేడు.

పర్లాకిమిడి పేరు వచ్చింది కనుక ఒక్క మాట చెప్పి ముగిస్తాను. గిడుగువారు ఉపాధ్యాయుడిగా పనిచేసింది ఆ ఊళ్ళోనే. ఆయన తెలుగు కోసం పోరాడినవాడని మనం చెప్పుకుంటాము. ఆ కొండలలోని సవరల భాషను కూడా ఆయన నేర్చుకున్నాడు, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. తన భాషను ప్రేమించడానికి పక్కవాడి భాషను తక్కువ చేయనక్కర లేదని ఆయన బతుకే చెబుతుంది. మా టోపీలు కుట్టించిన యజమాని తమిళుడు, మాకు సాయపడబోయిన అక్షరం కన్నడం, కుట్టిన చేయి తెలుగు. ఈ ముగ్గురిలో మనకు బాకీ పడినవారెవరూ లేరు. మనమే ఆ యువకుడికి నలభైఐదు అక్షరాలు బాకీ ఉన్నాము.

రాత్రి తరగతికి పేర్లు ఇచ్చేవారు, పాఠం చెప్పడానికి ముందుకొచ్చేవారు సభ ముగియగానే ద్వారం దగ్గరున్న బల్ల వద్ద రాయించండి. పేరు తెలుగులో రాయడం రాని వారి పేరును ఆ పాప రాసిపెడుతుంది. తప్పు రాయదు, నాది హామీ.